మూగజీవాల షెల్టర్‌కి డబ్బు ఎందుకు చాలడం లేదు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు దెబ్బ తగిలిన కుక్కల్ని, రోడ్డు మీద వదిలేసిన ఆవుల్ని చేరదీసే చిన్న చిన్న షెల్టర్లకు లెక్కలు రాయడంలో నేను సాయం చేస్తుంటాను. వీటిని నడిపేవాళ్ళలో చాలామంది ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ, మిగిలిన టైమంతా ఈ మూగజీవాలకే ఇచ్చేవాళ్ళు. పురుగులు పట్టిన గాయం కడగడం, సెలైన్ ఎక్కించడం, రాత్రి పన్నెండు గంటలకు ఫోనొచ్చినా బండి తీయడం వాళ్ళకి అలవాటే. డబ్బు మాట వచ్చేసరికి మాత్రం అందరూ ఒకటే చెబుతారు: "విరాళాలు చాలడం లేదు."

నేను చూసిన షెల్టర్లలో విరాళాలు తగ్గడమే అసలు కారణమైనవి తక్కువ. గేటు లోపలికి ఎన్ని జీవాలు వస్తున్నాయి, ఎన్ని బయటికి వెళ్తున్నాయి అన్న దగ్గరే సగం సమస్య ఉంటుంది. మిగతా సగం లెక్కల పుస్తకంలో ఉంటుంది. కింద ఇచ్చిన వాటిలో మీకు ఏది కనిపిస్తుంటే అక్కడికి నేరుగా వెళ్ళిపోవచ్చు. మొదటిది మాత్రం అందరూ చదవాలి.

"ప్రతి నెలా 20వ తేదీకే అకౌంట్ ఖాళీ అయిపోతోంది"

ముందు ఒక నోటుబుక్కు తీసుకుని గత ఆరు నెలలకు మూడు అంకెలు రాయండి. నెలలో కొత్తగా వచ్చినవి ఎన్ని? దత్తతకో, ఫోస్టర్‌కో (కొన్నాళ్ళు తమ ఇంట్లో చూసుకునేవాళ్ళ దగ్గరికి), తిరిగి వాటి వీధికో వెళ్ళినవి, చనిపోయినవి ఎన్ని? నెలాఖరుకు ఉన్నవి ఎన్ని? మూడో అంకె నెలనెలా పెరుగుతుంటే, మీ విరాళాలు రెట్టింపైనా ఈ సమస్య పోదు. ఒక ఏడాది వాయిదా పడుతుంది, అంతే.

తర్వాత ఒక కుక్కకి రోజుకు ఎంత అవుతోందో తేల్చుకోండి. ఉదాహరణకి ఒక షెల్టర్‌లో 60 కుక్కలున్నాయి, తిండి, జీతాలు, అద్దె, కరెంటు, ఫినాయిల్ అన్నీ కలిపి నెలకు 1,26,000 రూపాయలు అవుతున్నాయనుకుందాం. 60 కుక్కలు 30 రోజులుంటే 1,800 రోజుల పోషణ. భాగిస్తే రోజుకు 70 రూపాయలు. ఇందులో మందులు, ఆపరేషన్లు లేవు. కాలు విరిగి 45 రోజులుండే కుక్కకి వైద్యం కాక 3,150. నడుము పడిపోయి, ఇక ఎక్కడికీ పంపలేని కుక్క ఐదేళ్ళు బతికితే పోషణకే 1,27,750. టంగుటూరు టోల్‌ప్లాజా దగ్గర నుంచి ఫోన్ వచ్చిన రాత్రి ఈ లెక్క ఎవరికీ గుర్తు రాదు, రావాలని కూడా నేననను. కానీ దాన్ని లోపలికి తీసుకున్న క్షణంలో మీరు ఒప్పుకున్నది ఆ రోజు ఆసుపత్రి బిల్లు మాత్రమే కాదు, ఈ మొత్తమంతా.

ఈ 70 రూపాయల లెక్కలో ఒక మెలిక ఉంది. జీతాలు, అద్దె కుక్కల సంఖ్యతో పాటు ఏ రోజుకారోజు పెరగవు. జాగా, మనుషులు సరిపోయినంతవరకు ఇంకో కుక్క వస్తే పెరిగేది తిండి ఖర్చు ఒక్కటే. అందుకే "ఇంకొకటే కదా" అనిపిస్తుంది. ఉన్న ఇద్దరు పనివాళ్ళు చూసుకోగలిగిన సంఖ్య దాటగానే మూడో మనిషి కావాలి, ఇంకో షెడ్డు కావాలి, గది చాలక పార్వో (కుక్కపిల్లలకి అంటుకునే వైరస్ జబ్బు) వస్తే పది పిల్లలకు ఒకేసారి సెలైన్ కావాలి. ఖర్చు మెల్లగా ఎక్కకుండా ఒక్కసారిగా మెట్టు ఎక్కేది అక్కడే. మీ షెల్టర్‌కి ఆ సంఖ్య ఎంతో కమిటీ కూర్చుని తేల్చి గోడ మీద రాసిపెట్టుకోవాలి. 60 అనుకుంటే 60. ప్రమాద కేసుల కోసం అందులోనే ఓ ఐదారు చోట్లు ఎప్పుడూ ఖాళీగా ఉంచుకోవాలి.

సంఖ్య నిర్ణయించుకున్నాక గేటు దగ్గర పద్ధతి మారాలి. వీధి కుక్కకి చిన్న గాయమైతే అక్కడికే వెళ్ళి కట్టుకట్టి, ఇంజెక్షన్ చేసి, ఆ వీధిలో అన్నం పెట్టేవాళ్ళకి మందులు అప్పగించి రావచ్చు. షెల్టర్‌కి తెస్తే ఆ వీధిలో దాని చోటు వేరే కుక్కలు ఆక్రమిస్తాయి, నయమయ్యాక తిరిగి వదలడం కష్టమవుతుంది. ఫోన్ చేసి "అన్నా, కుక్కని బండి గుద్దేసింది, వచ్చి తీసుకుపోండి" అనే వాళ్ళని "మీరు ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకురాగలరా? మేం డాక్టర్ గారితో మాట్లాడతాం, ఖర్చులో సాయం చేస్తాం" అని అడగండి. అడిగితే కొందరైనా వస్తారు. ఆవులు, గేదెల లాంటివైతే 1962 నంబర్ సంచార వాహనం ఉంది.

పెంచుకున్న కుక్కని తెచ్చి వదిలేసి పోయేవాళ్ళ విషయంలో నేను కొంచెం గట్టిగానే చెబుతాను. అద్దె ఇల్లు మారుతున్నామనో, పాప పుట్టిందనో ల్యాబ్రడార్‌ని గేటుకు కట్టి వెళ్ళేవాళ్ళ దగ్గర కనీసం మూడు నెలల పోషణ ఖర్చు తీసుకోవాలి, రాతపూర్వకంగా అప్పగింత రాయించుకోవాలి. డబ్బు అడిగామని వాళ్ళకి కోపమొస్తే రానివ్వండి. ఆ మూడు నెలల్లో దానికి ఇల్లు దొరికే అవకాశం బాగా ఉంటుంది కూడా.

బయటికి వెళ్ళే దారి మీద కూడా అంతే శ్రద్ధ పెట్టాలి. దత్తతల పని ఒక మనిషికి పూర్తిగా అప్పజెప్పిన షెల్టర్లు, అందరూ అన్నీ చూసుకునే షెల్టర్ల కన్నా డబ్బు విషయంలో స్థిమితంగా ఉండడం నేను చూశాను.

"ఒక కేసు పోస్టు పెడితే డబ్బు వస్తుంది, మామూలు రోజుల్లో రూపాయి రాదు"

యాసిడ్ పడిన కుక్కపిల్ల ఫొటో పెడితే రెండు రోజుల్లో అవసరానికి మించి వస్తుంది. మర్నాడు నూకలకు డబ్బుల్లేవు. దాతల్ని తప్పుపట్టలేం. వాళ్ళని మనం అడిగింది ఆ పిల్ల కోసమే. నూకలు, పనివాళ్ళ జీతం, షెడ్డు అద్దె గురించి ఎప్పుడూ అడగలేదు.

ఇక్కడ రెండు పనులు చేయాలి. ఒకటి, ఒక కేసు పేరు మీద వచ్చిన డబ్బుకి వేరే పద్దు పెట్టండి. ఆ పిల్లకు ఎంత ఖర్చయిందో బిల్లులతో సహా చూపించండి. పోస్టులోనే "ఈ చికిత్సకు పోను మిగిలింది మిగతా జీవాల వైద్యానికి వాడతాం" అని ముందే రాస్తే మిగిలిన డబ్బు గురించి తర్వాత ఎవరికీ అనుమానం రాదు. ముందు రాయకుండా తర్వాత వేరేదానికి వాడితే, మీరు వాడింది మంచి పనికే అయినా, అది మాట తప్పడమే.

రెండోది, నెలనెలా వచ్చే చిన్న మొత్తాలు. యూపీఐ ఆటోపేతో నెలకు 100, 200 ఇచ్చే మనుషులు వందమంది ఉంటే, సంవత్సరానికోసారి లక్ష ఇచ్చే పెద్దమనిషి కన్నా షెల్టర్‌కి ఎక్కువ ధైర్యం. మన దగ్గర అన్నదానానికి ఇచ్చే అలవాటు గట్టిగా ఉంది. పుట్టినరోజు, పెళ్ళిరోజు, పెద్దవాళ్ళ వర్ధంతి నాడు "ఒక పూట భోజనం" పద్ధతి పెట్టండి. పూటకు ఎంతవుతుందో కచ్చితంగా చెప్పండి, ఆ పూట తిండి పెడుతున్న వీడియో వాళ్ళకి పంపండి. గోశాల నడిపేవాళ్ళకి కనుమ పండుగ పెద్ద అవకాశం. పశువుల పండుగ రోజున గడ్డి కోసం ఇవ్వమని అడిగితే మన రైతు కుటుంబాలు కాదనడం అరుదు. రైసుమిల్లు వాళ్ళు నూకలు, తవుడు ఇస్తామంటే డబ్బు కాదని చిన్నచూపు చూడకండి. వచ్చిన సరుకుని బజారు ధరతో పుస్తకంలో రాసుకోండి. లేకపోతే ఆ మిల్లు వాళ్ళు ఆపేసిన నెలలో మీ అసలు ఖర్చెంతో చూసి టెన్షన్ పడతారు.

రక్తం కారే ఫొటోల గురించి ఒక మాట. రోజూ అవే పెడుతుంటే చూసేవాళ్ళు పేజీ చూడడం మానేస్తారు. నయమై తోక ఊపుతున్న కుక్క ఫొటోకి కూడా డబ్బు వస్తుంది, మెల్లగా వస్తుంది, కానీ ఆగకుండా వస్తుంది.

"పుస్తకంలో బ్యాలెన్సు ఉంది, కానీ మెడికల్ షాపువాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు"

మీ పుస్తకంలో వచ్చిన డబ్బు, ఇచ్చిన డబ్బు మాత్రమే ఉన్నాయి. ఇవ్వాల్సింది లేదు. బ్యాంకులో 40,000 ఉండి, మందుల షాపులో 55,000, దాణా కొట్లో 20,000 బాకీ ఉంటే మీ దగ్గర ఉన్నది 40,000 కాదు, మైనస్ 35,000.

వారానికొక రోజు, శనివారం అనుకోండి, బాకీల పట్టిక రాయాలి. ఎవరికి, ఎంత, ఎప్పటి నుంచి. పాత బాకీలున్న షాపుకి వెళ్ళి ముఖాముఖి మాట్లాడి "కొత్తవి నగదుకే కొంటాం, పాతది నెలకు ఇంత చొప్పున తీరుస్తాం" అని ఒప్పందం చేసుకోండి. ఫోన్ ఎత్తకుండా తిరిగితే మాత్రం అర్ధరాత్రి అవసరానికి అప్పిచ్చే ఒక్క షాపూ పోతుంది. తరచూ వాడే యాంటీబయాటిక్‌లు, సెలైన్, పురుగుల మందు ఇద్దరు ముగ్గురు షెల్టర్లవాళ్ళు కలిసి హోల్‌సేల్‌లో కొంటే ధరలో తేడా బాగా తెలుస్తుంది. మందుల అలమారాలో ముందు ఎక్స్‌పైరీ అయ్యేవి ముందు వరసలో ఉండాలి. వ్యాక్సిన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి, కరెంటు పోతే ఏం చేయాలో రాత్రి కాపలా మనిషికి కూడా తెలిసుండాలి. పాడైన వ్యాక్సిన్ వేస్తే డబ్బు పోవడమే కాదు, రోగం రాదన్న ధీమాతో ఉంటాం, అది ఇంకా ప్రమాదం.

ఎంత ఇరుకులో ఉన్నా కోత పెట్టకూడనిది రేబిస్ టీకా. కుక్కలకీ వేయించాలి, వాటిని పట్టుకునే మనుషులకీ ముందస్తు డోసులు వేయించాలి.

"డబ్బంతా మా అన్న ఫోన్‌పేకే వస్తుంది"

మొదట్లో అందరూ ఇలాగే మొదలుపెడతారు. కొన్నాళ్ళకి ఆ అకౌంట్లో జీతం, ఇంటి ఖర్చు, విరాళం అన్నీ కలిసిపోతాయి. ఎవరో ఒకరు "కారు ఎలా కొన్నాడు?" అని కామెంట్ పెడతారు. కారు లోన్ మీద కొన్నదని చూపించడానికి కాగితాలు వెతుక్కోవాలి. పైగా వ్యక్తి అకౌంట్లో పడిన డబ్బుకి 80జి రసీదు (దాతకి పన్ను మినహాయింపు తెచ్చే రసీదు) ఇవ్వలేం, ఆదాయపు పన్ను వాళ్ళు అడిగితే అది ఆ మనిషి ఆదాయం కాదని ఆయనే నిరూపించుకోవాలి.

ట్రస్టో సొసైటీయో రిజిస్టర్ చేయించి, దాని పాన్‌తో బ్యాంకు ఖాతా తెరిచి, ఇద్దరు సంతకం చేస్తే తప్ప డబ్బు తీయలేని ఏర్పాటు చేసుకోండి. క్యూఆర్ కోడ్ సంస్థ పేరుతో ఉండాలి. పాత క్యూఆర్ ఉన్న పోస్టర్లు, పిన్ చేసిన పోస్టులు అన్నీ తీసేయండి. ఇప్పటిదాకా వచ్చిన డబ్బుకి స్టేట్‌మెంట్ తీసి ఒక్కో పద్దు విడదీసి, ఆడిటర్‌కి చూపించి, మిగిలి ఉన్నది సంస్థ ఖాతాలోకి మార్చేయాలి.

టీ కొట్లలో, బేకరీల్లో పెట్టే విరాళాల డబ్బాలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. డబ్బాని ఇద్దరి ఎదుట తెరవాలి, లెక్కపెట్టి సంతకాలు చేయాలి, మర్నాడే బ్యాంకులో వేయాలి. ఎవరిచ్చారో తెలియని విరాళాల మీద పన్ను నిబంధన ఒకటుంది: మొత్తం విరాళాల్లో 5 శాతం, లేదా లక్ష రూపాయలు, రెండిట్లో ఏది ఎక్కువైతే అంతవరకు ఫర్వాలేదు. ఆ పైన 30 శాతం పన్ను. చిన్న షెల్టర్‌కి డబ్బాల్లో లక్ష దాటకపోవచ్చు, కానీ పేరు రాసుకోకుండా తీసుకున్న నగదంతా అందులోకే వస్తుందని గుర్తుపెట్టుకోండి. అలాగే ఒకే మనిషికి ఒకే రోజు 10,000 మించి నగదుగా ఇస్తే దాన్ని మామూలుగా ధర్మకార్యానికి పెట్టిన ఖర్చుగా ఒప్పుకోరు. గడ్డి లోడు డబ్బులైనా బ్యాంకు ద్వారానే వేయండి.

"80జి రసీదు అడిగిన దాతలు రెండో ఏడు రావట్లేదు"

చాలాసార్లు రసీదు పుస్తకం ఉంటుంది, దాని వెనక చేయాల్సిన పని ఉండదు. దాత పాన్ తీసుకుని, ఆ ఆర్థిక సంవత్సరం విరాళాల పట్టికని మే 31 లోపు ఆన్‌లైన్‌లో దాఖలు చేస్తేనే (10బీడీ అంటారు) దాతకి చెల్లే సర్టిఫికెట్ వస్తుంది. ఆలస్యానికి రోజుకి 200 రూపాయలు రుసుము. 2,000 దాటిన నగదు విరాళానికి దాతకి మినహాయింపు రాదు, ఈ సంగతి డబ్బు తీసుకునేటప్పుడే చెప్పేయాలి. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకి 80జి లాభం ఉండదు కాబట్టి, పన్ను మినహాయింపు ఒక్కటే చూపించి విరాళం అడిగే రోజులు తగ్గిపోతున్నాయి. 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చేది), 80జి రిజిస్ట్రేషన్లు శాశ్వతం కావు, గడువు ఉంటుంది. ఆ తేదీని ఆఫీసు గోడ మీద రాసిపెట్టుకుని, ఆరు నెలలకు ముందే దరఖాస్తు పని మొదలుపెట్టండి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు వేరు. దరఖాస్తు చేసేటప్పుడు పాత నంబర్లని ఆడిటర్‌తో సరిచూసుకోండి.

"మిగులు ఉంచుకుంటే తప్పని ఎవరో చెప్పారు, అందుకే మొత్తం ఖర్చు పెట్టేస్తాం"

తప్పు కాదు. ఏడాది ఆదాయంలో 85 శాతం ధర్మకార్యానికి ఖర్చు చేయాలి. మిగతా 15 శాతం ఏ షరతూ లేకుండా దాచుకోవచ్చు. ఏడాదికి 18 లక్షలు వచ్చే షెల్టర్ 2,70,000 పక్కన పెట్టొచ్చన్నమాట. షెడ్డు కట్టడం లాంటి ఒక ఫలానా పనికోసం ఇంకా ఎక్కువ దాచాలంటే, ఆ పని ఏదో చెప్పి ఐదేళ్ళ దాకా కూడబెట్టుకునే వీలుంది, దానికి వేరే ఫారం సకాలంలో వేయాలి. మూడు నెలల తిండి, జీతాలకి సరిపడా డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో లేని షెల్టర్‌ని నేను ఆరోగ్యంగా ఉందని అనను, ఎన్ని జీవాల్ని కాపాడుతున్నా సరే.

"అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ప్రతి ఏడూ అప్పే"

మన వాన ఈశాన్య రుతుపవనం. ఈ మూడు నెలల్లోనే షెడ్లు కారతాయి, గాయాలకి పురుగులు పడతాయి, పిల్లలకి విరేచనాలు, తుఫాను వస్తే రెండు మూడు రోజులు సరుకు దొరకదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నదికి దగ్గర్లో ఉన్న ఊళ్ళలో పశువులకి ఏమైందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఏటా వచ్చే ఖర్చుని "అనుకోని ఖర్చు" అని రాయడం మానేయాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నెలకింత అని వానాకాలం పద్దులో వేసుకోండి. పైకప్పు రిపేర్లు ఆగస్టులోనే చేయించండి.

గడ్డి సంగతి మరీ ముఖ్యం. మన రబీ కోతలు అయ్యే మార్చి, ఏప్రిల్‌లో వరిగడ్డి చవక. వానలు మొదలయ్యాక అదే గడ్డికి ఎక్కువ పెట్టాలి, తడిసిందే దొరుకుతుంది కూడా. 20 ఆవులకి రోజుకి తలా 6 కిలోల ఎండుగడ్డి అనుకుంటే నెలకి 3,600 కిలోలు, ఆరు నెలలకి దాదాపు 22 టన్నులు. కోతలప్పుడు కొని వామి వేసుకోవడానికి జాగా, పైన కప్పడానికి టార్పాలిన్ చూసుకోండి. కోతలప్పుడు కొనలేకపోతే ఎడగారు పంట (రబీ తర్వాత వేసే రెండో పంట) గడ్డి ఇంకో అవకాశం. దాతల్ని డబ్బు అడగాల్సిన సరైన సమయం కూడా మార్చి నెలే, గడ్డి అయిపోయాక కాదు.

"పోలీసులు పట్టుకున్న పశువుల్ని దించి వెళ్ళారు, పోషణ ఖర్చు ఎవరూ ఇవ్వట్లేదు"

పదహారో నంబర్ హైవే మీద లారీల్లో కుక్కిన పశువుల్ని పట్టుకున్నప్పుడల్లా దగ్గర్లో ఉన్న గోశాలకే పంపుతారు. ఒక్క రాత్రిలో ముప్ఫై తలలు. కేసు ఏళ్ళ తరబడి నడుస్తుంది. అవి కేసు ఆస్తి కాబట్టి ఎవరికీ ఇవ్వలేం, పనికి పెట్టలేం, అమ్మే మాటే లేదు. బాగా నడుస్తున్న గోశాల ఒక్క లారీతో అప్పుల్లో పడిపోవడానికి ఇదే కారణం. చాలామంది నిర్వాహకులు దీన్ని దైవకార్యం అనుకుని మౌనంగా భరిస్తున్నారు. వాళ్ళ మనసుకి నేను దణ్ణం పెడతాను, కానీ భరించాల్సిన ఖర్చు వాళ్ళది కాదు.

1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో 35వ సెక్షన్ ఈ విషయం చెబుతుంది. పశువుని తరలించడానికి, పోషించడానికి, వైద్యానికి అయ్యే ఖర్చు యజమానే ఇవ్వాలి, రేటు జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్, నిర్ణయించాలి. కేసు పశువుల సంరక్షణ మీద 2017లో ప్రత్యేక నియమాలు కూడా వచ్చాయి. వాటి ప్రకారం నిందితుల నుంచి ఆ ఖర్చుకి బాండు రాయించుకునే వీలు కేసు చూసే కోర్టు మేజిస్ట్రేట్‌కి ఉంది. అడిగితేనే ఇది కదులుతుంది.

కాబట్టి లారీ వచ్చిన రాత్రే పని మొదలవ్వాలి. పంచనామా కాపీ లేకుండా దించుకోకండి. తలల లెక్క, ఒక్కోదాని రంగు, కొమ్ములు, చెవి ట్యాగు, దెబ్బలు ఫొటోలతో సహా రాసుకోండి. మర్నాడు ప్రభుత్వ పశువైద్యుల చేత ఆరోగ్య పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోండి. చనిపోతే పోస్టుమార్టం రిపోర్టు తప్పనిసరి, లేకపోతే తర్వాత ఆ తల ఏమైందని మిమ్మల్నే అడుగుతారు. రోజువారీ గడ్డి, దాణా, మందుల లెక్క ఈ పశువులకి వేరే పుస్తకంలో ఉండాలి. లాయరు ద్వారా మొదటి వారంలోనే పోషణ ఖర్చు కోసం కోర్టులో పిటిషన్ వేయించండి. జిల్లా ఎస్పీసీఏలో (జంతు హింస నిరోధక సంఘంలో) కలెక్టర్ ఉంటారు కాబట్టి, రోజువారీ రేటు ఖరారు చేయమని అక్కడ రాతపూర్వకంగా అడగండి. మీ జాగా నిండిపోతే "ఇంతకు మించి తీసుకోలేం" అని స్టేషన్‌కి ముందుగానే ఉత్తరం ఇచ్చి రసీదు తీసుకోవడంలో తప్పేమీ లేదు. ఆకలితో కొట్టంలో కుక్కిన పశువుకీ, లారీలో కుక్కిన పశువుకీ బాధ ఒకటే.

"మున్సిపాలిటీకి కుక్కల ఆపరేషన్లు చేశాం, బిల్లు రాలేదు"

కుక్కకి ఇంత అని మాట్లాడుకుని, కుక్కల్ని పట్టి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, టీకా వేసి, కోలుకున్నాక వదిలే పని ఇది. డబ్బు మాత్రం లెక్కల తనిఖీ అయ్యాక వస్తుంది. ఈలోగా డాక్టరు ఫీజు, పట్టేవాళ్ళ కూలి, డీజిల్, కోలుకునే రోజుల తిండి అన్నీ మీ జేబులోంచే. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఈ పనికి భారత జంతు సంక్షేమ మండలి గుర్తింపు కావాలి. అది లేకుండా మొదలుపెడితే బిల్లు ఆగడానికి మీరే కారణం చూపించినట్టు. ఒప్పందంలో ఎన్ని రోజుల్లో చెల్లిస్తారో రాయించండి. రెండు నెలల ఖర్చు చేతిలో లేకపోతే తక్కువ సంఖ్యకే ఒప్పుకోండి. షెల్టర్ విరాళాలు ఇందులోకి పోకుండా ఈ పనికి వేరే బ్యాంకు ఖాతా పెట్టండి. బిల్లు ఆలస్యమైతే షెల్టర్లో ఉన్న జీవాలు పస్తుండకూడదు.

"కంపెనీవాళ్ళు అంబులెన్సు ఇచ్చారు, అప్పటి నుంచి ఇంకా ఇబ్బంది"

బండి ఉచితం. డ్రైవరు, డీజిల్, ఇన్సూరెన్సు, టైర్లు ఉచితం కాదు. పైగా బండి ఉంది కాబట్టి దూరంగా ఉన్న ఉదయగిరి నుంచి కూడా ఫోన్లు వస్తాయి, గేటు దగ్గర సంఖ్య పెరుగుతుంది. కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో జంతు సంక్షేమం ఉంది కాబట్టి సీఎస్ఆర్ నిధులు (కంపెనీలు సామాజిక పనులకి పెట్టే డబ్బు) అడగడం మన హక్కే. దానికి సంస్థ సీఎస్ఆర్-1 నమోదు చేయించుకోవాలి. అడిగేటప్పుడు బండితో పాటు మూడేళ్ళ నడుపుడు ఖర్చు కూడా కలిపి ప్రతిపాదన ఇవ్వండి. బండి మాత్రమే ఇస్తామంటే వద్దని చెప్పగలగాలి. నేనైతే అంబులెన్సు కన్నా ముందు నీళ్ళ బోరు, సోలార్ పలకలు అడుగుతాను. అవి నెల ఖర్చుని తగ్గిస్తాయి.

"అమెరికాలో ఉన్న మావాళ్ళు పంపుతామంటున్నారు"

పంపేవాళ్ళ పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందు అడగండి. భారత పౌరులుగానే ఉన్న ఎన్నారైలు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు కాపీ, వివరాలు దాచుకోండి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా ఒక్క రూపాయి తీసుకోకూడదు. ఆ అనుమతికి మూడేళ్ళ అనుభవం, ఆ మూడేళ్ళలో అసలు పనుల మీద 15 లక్షల ఖర్చు చూపించాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే రావాలి. అనుమతి వచ్చేదాకా వాళ్ళని ఇక్కడున్న తమ బంధువులకి షెల్టర్ పరిచయం చేయమని అడగండి, బంధువులు తమ సొంత డబ్బు ఇవ్వొచ్చు.

"అక్క గొలుసు కుదువపెట్టి గడుపుతున్నాం"

చాలా షెల్టర్ల వెనక ఇలాంటి అక్కో అన్నో ఉంటారు. నెలకు 30,000 వాళ్ళ జీతంలోంచి వెళ్తుంటుంది, పుస్తకంలో ఎక్కడా ఉండదు. దానివల్ల షెల్టర్ నిజమైన ఖర్చు కమిటీకీ దాతలకీ తెలియదు. ఆ మనిషి ఆరోగ్యం పాడైన రోజున అరవై జీవాలు ఒక్కసారి రోడ్డున పడతాయి. వాళ్ళు పెట్టే ప్రతి రూపాయినీ విరాళంగానో, తిరిగి ఇవ్వాల్సిన అప్పుగానో రాయాలి. ఏదో ఒకటి వాళ్ళే చెప్పాలి, తీర్మానం రాయాలి. నెలకి ఇంతకు మించి ఇవ్వకూడదని కమిటీ వాళ్ళకి హద్దు పెట్టాలి. బంగారం మీద వడ్డీ పెరుగుతోంటే, కొత్త రెస్క్యూల కన్నా ముందు అది విడిపించండి. దాతలకి ఆ సంగతి దాచకుండా చెప్పండి, అర్థం చేసుకుంటారు.

"మూడు నెలలుగా జీతాలు ఇవ్వలేదు"

ఇక్కడిదాకా వస్తే వరస మార్చకుండా చేయాల్సినవి ఇవి. ఈ రోజు నుంచి కొత్త జీవాల్ని తీసుకోవడం ఆపేయండి, ఆపామని అందరికీ తెలిసేలా రాయండి. ఫోన్ ఎత్తేవాళ్ళకి దగ్గర్లో ఉన్న పశువుల ఆసుపత్రుల నంబర్లు ఇవ్వండి. చేతికొచ్చిన డబ్బులో ముందు తిండి, తర్వాత పనివాళ్ళ జీతాలు, తర్వాత మందుల షాపు. కూలివాళ్ళు పస్తులుంటే జీవాల్ని చూసేవాళ్ళు ఉండరు. ఆరోగ్యంగా ఉండి, ఆపరేషన్, టీకాలు అయిన వీధి కుక్కల్ని వాటి పాత వీధులకి, అన్నం పెట్టేవాళ్ళతో మాట్లాడుకుని, చేర్చండి. పిల్లలు, పెంపుడు జాతులవి దత్తతకి ముందుకు తెండి. మిగిలినవి ఎన్ని, ఎలా ఉన్నాయి అని ఒక జాబితా చేసి చుట్టుపక్కల షెల్టర్లకి పంపి, ఒక్కొక్కరు రెండేసి, మూడేసి తీసుకోగలరేమో అడగండి. ఇచ్చేటప్పుడు ఆరోగ్య రికార్డు, టీకా కార్డు కూడా ఇవ్వండి.

ఆరు నెలలకీ సర్దుకోకపోతే మూసేయడం గురించి కమిటీ పెట్టి మాట్లాడాలి. ట్రస్టు డీడ్‌లో, సొసైటీ నిబంధనల్లో మూసేటప్పుడు ఆస్తి ఎవరికి వెళ్ళాలో రాసి ఉంటుంది, మామూలుగా అదే ఆశయం ఉన్న వేరే సంస్థకి. బోనులు, ఫ్రిజ్, ఎక్స్‌రే మెషిన్ ఏవీ సభ్యులు పంచుకోకూడదు. ఆడిటర్‌తో చివరి లెక్కలు వేయించి దాతలకి పంపండి. కేసు పశువులు ఉంటే కోర్టు అనుమతి లేకుండా ఒక్కదాన్నీ కదిలించకండి. నడవలేని కుక్కల్ని తీసుకునే చోటు ఖరారయ్యేదాకా వాటికి తిండి పెట్టే మనిషి జీతం, మూడు నెలల నూకల డబ్బు విడిగా బ్యాంకులో వేసి, ఆ తర్వాతే షెడ్డు ఓనర్‌కి నోటీసు ఇవ్వండి.